భాషకు సాక్ష్యం ఎందుకు?

ఒక జనసమూహం మాట్లాడుకునేది స్వతంత్రమైన భాషా, లేక మరొక భాషకు మాండలికమా అన్న ప్రశ్న పైకి పండితుల ప్రశ్నగానే కనిపిస్తుంది. ధ్వనులనూ, విభక్తులనూ, క్రియారూపాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరికిపోతుందనిపిస్తుంది. కాని చరిత్రలో ఈ ప్రశ్న వేసినవారు తరచు పండితులు కారు, పాలకులు. దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినవారు బలహీనులు. కనుక వ్యాకరణ సమస్యగా మొదలైన ఈ చర్చ చివరకు న్యాయాన్యాయాల సమస్యగా తేలుతుంది. బ్రహ్మపుత్ర లోయలోని అస్సామీ భాష చరిత్రనూ, పశ్చిమాసియా కొండసీమలలోని కుర్దిష్ భాష చరిత్రనూ పోల్చి చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

ఈ రెండు భాషలకూ దూరపు చుట్టరికం ఉంది. రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవే. అస్సామీది ఆర్యశాఖ, కుర్దిష్‌ది ఇరానియన్ శాఖ. పదిని అస్సామీలో ‘దొహ్’ అంటారు, కుర్మాంజీ కుర్దిష్‌లో ‘దెహ్’ అంటారు. సంస్కృతంలోని ‘సప్త’ కుర్దిష్‌లో ‘హెఫ్త్’. అస్సామీవారు అదే సంఖ్యను సకారంతో రాసినా, పలికేటప్పుడు ఆ సకారం ఖకార హకారాల మధ్య ధ్వనిగా మారిపోతుంది. ఈ పోలికలను చూపి ఒకటి మరొకదాని మాండలికమని ఎవరూ అనలేదు. అంత దూరపు పోలికతో ఏ పాలకునికీ పని లేదు. పోలిక ప్రమాదకరమయ్యేది పక్కనే అధికారం ఉన్నప్పుడు.

అస్సామీకి ఆ ప్రమాదం బెంగాలీతో ఉన్న సామీప్యం వల్ల వచ్చింది. 1826 యాండబూ సంధితో అస్సాం ఈస్టిండియా కంపెనీ చేతికి చిక్కింది. 1836లో కోర్టులలోనూ, బడులలోనూ బెంగాలీని ప్రవేశపెట్టారు. అస్సామీ బెంగాలీకి మాండలికమేనన్న వాదం ఆ ఏర్పాటుకు అండ అయింది. దానిని ఎదిరించి అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, 1846లో శివసాగర్ నుంచి ‘అరుణోదయ్’ పత్రికను వెలువరించారు. 1855లో ఆనందరాం ఢేకియాల్ ఫుకన్ తన భాష స్వతంత్రమైనదని వాదిస్తూ, అందులోని గ్రంథాల పట్టికతో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. శంకరదేవుని భక్తి సాహిత్యమూ, అహోం రాజుల కాలపు బురంజీల వచనమూ ఉన్న జాతి తనకు భాష ఉందని రుజువు చేసుకోవలసి వచ్చింది. 1873లో అస్సామీ తిరిగి కోర్టులకూ బడులకూ వచ్చింది. ఈలోగా ముప్పై ఏడేళ్లు గడిచిపోయాయి.

అయితే రుజువే హక్కు తెచ్చిపెడుతుందా? కుర్దిష్ చరిత్ర అలా చెప్పడం లేదు. అహ్మద్ ఖానీ ‘మెమ్ ఊ జీన్’ కావ్యం పూర్తిచేసింది 17వ శతాబ్ది చివరలో. ఇటలీ మతబోధకుడు గార్జోనీ రాసిన కుర్దిష్ వ్యాకరణం 1787లోనే రోమ్‌లో అచ్చయింది. ఫుకన్ చూపిన సాక్ష్యం వంటిది కుర్దులకు అంతకుముందే సమకూడింది. 1923 లొజాన్ సంధిలో టర్కీ తన పౌరులు ఏ భాషనైనా వ్యాపారంలో, పత్రికలలో, సభలలో వాడుకోవచ్చునని ఒప్పుకుంది కూడా. అయినా 1983లో అక్కడ వచ్చిన శాసనం టర్కీ పౌరుల మాతృభాష టర్కిష్ అని ప్రకటించింది. ఆ శాసనంలో కుర్దిష్ పేరైనా లేదు. టర్కీ గుర్తించిన దేశాల మొదటి అధికారభాషలు కానివాటిలో భావప్రకటనను నిషేధించి ఊరుకుంది. పేరెత్తితే ఉన్నదని ఒప్పుకున్నట్లవుతుంది మరి! 1991లో ఆ శాసనం రద్దయింది. కాని టర్కిష్ తప్ప మరే భాషనూ మాతృభాషగా బోధించరాదన్న నియమం అక్కడి రాజ్యాంగంలో నేటికీ ఉంది.

సాక్ష్యం రెండుచోట్లా ఉంది, ఫలితం ఒకటి కాలేదు. కంపెనీ పాలనకు బెంగాలీ సౌకర్యం మాత్రమే, అది మారినా ప్రభుత్వం కదలదు. టర్కీ పాలకులు ఒకే భాష మీద జాతిని నిర్మించదలచారు. అక్కడ రెండవ భాషను ఒప్పుకోవడమంటే పునాదిని ప్రశ్నించడమే. తీర్పు వ్యాకరణం మీద ఆధారపడలేదు.

ఒక రాజ్యం వంద భాషలలో నడవగలదా అని కొందరు అడుగుతారు. నడవకపోవచ్చు. ఉమ్మడి వ్యవహారానికి ఒక భాషను ఎంచుకోవడం తప్పు కాదు. కాని ఆ సౌకర్యం కోసం పక్కవాడి మాట భాషే కాదనవలసిన పని లేదు. ‘నీ భాషలో ఈ కచేరీ నడపలేం’ అనడం ఒక కష్టాన్ని ఒప్పుకోవడం, ‘నీకు భాషే లేదు’ అనడం మనిషిని తుడిచివేయడం.

ఈ ధర్మం గెలిచినవారికీ వర్తిస్తుంది. 1960లో అస్సామీని రాష్ట్ర అధికారభాషగా శాసించినప్పుడు బరాక్ లోయలోని బెంగాలీ ప్రజలు ప్రతిఘటించారు. 1961 మే 19న సిల్చార్ రైల్వేస్టేషనులో పోలీసు కాల్పులకు పదకొండుమంది బలయ్యారు. ఆ తర్వాతే కచార్ జిల్లా పాలనలో బెంగాలీకి చోటు దక్కింది. ఒకనాడు బెంగాలీ నీడ నుంచి బయటపడిన భాష పేరిటనే బెంగాలీ బిడ్డలు నేలకొరిగారు. ఇరాక్‌లో 2005 రాజ్యాంగం అరబ్బీతోపాటు కుర్దిష్‌నూ అధికారభాషగా గుర్తించింది. తుర్క్‌మెన్, సిరియాక్ భాషలకు కూడా, వాటిని మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో అదే స్థానమిచ్చింది. ఆచరణ ఎంతవరకన్నది వేరే చర్చ, సూత్రం మాత్రం సరైనది.

ప్రాచీన కావ్యాలు భాషకు గౌరవం తెస్తాయి. కాని హక్కుకు మూలం అవి కావు. కావ్యమే మూలమైతే లిపి లేని భాషలో లాలిపాట వినే బిడ్డకు ఏ హక్కూ మిగలదు. ఆ బిడ్డ బడిలోనూ, న్యాయస్థానంలోనూ మూగవాడు కాకూడదన్నదే అసలు ఆధారం. దానికి సాక్ష్యం అడగడంలోనే అన్యాయం మొదలవుతుంది. తాను సాక్ష్యం చెప్పుకుని గెలిచిన భాష, తన పొరుగు భాషను సాక్ష్యం అడగకుండా ఉండగలిగినప్పుడే దాని విజయానికి నైతికమైన విలువ ఉంటుంది.