కలుపు పీకడం హింసేనా?

అరకు లోయలో ఒక ఇంటి పెరటి కంచె పక్కన లాంటానా పొద పెరిగింది. దాన్ని వేళ్లతో పెకలించడం పాపమా? చిన్న ప్రశ్నే గానీ మన పెద్దలు దీన్ని చిన్నగా చూడలేదు. మహాభారతం శాంతిపర్వంలో భరద్వాజుడు చెట్లకు చైతన్యం ఎక్కడుందని సందేహపడితే భృగువు ఓపికగా జవాబిస్తాడు. వేడికి ఆకు వాడుతుంది, వేరు నీరు తాగుతుంది, నరికినచోట మళ్లీ చిగురు వేస్తుంది, కాబట్టి వాటికీ సుఖదుఃఖాలున్నాయంటాడు. జైనం ఇంకో అడుగు ముందుకేసి, పచ్చని మొక్కను తొక్కకుండా నడవమని తన సాధువులకు నియమం పెట్టింది. ఇంత ఆలోచించిన సంప్రదాయానికి వారసులమై ఉండి, కలుపే కదా అని చేతులు దులుపుకోవడం కుదరదు.

చాలామంది చెప్పే సమాధానం ఒకటుంది: అది పరాయి దేశపు మొక్క, ఉండే హక్కు దానికి లేదు. లాంటానా పరాయిదన్న మాట నిజమే. అమెరికా ఖండపు ఉష్ణమండలంలో పుట్టిన ఈ మొక్కను 19వ శతాబ్దం తొలినాళ్లలో పూల అందం కోసం కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చారు. అక్కడ కంచె దాటి దేశమంతా పాకి, తూర్పు కనుమల్లోనూ తిష్ఠ వేసింది. అయితే పుట్టిన ఊరే నేరమనే వాదన అరకులో ఒక్క పూట కూడా నిలవదు. ఈ లోయకు పేరు తెచ్చిన కాఫీ ఇథియోపియాది. ఆ కాఫీకి నీడనిస్తూ మిరియాల తీగను మోసే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. పెరట్లోని మొక్కజొన్న, మిరప, టమాటా అమెరికా నుంచి వచ్చినవి. చలికాలం మొదట్లో కొండవాలుల్ని పసుపుతో ముంచెత్తే వలిసెలు, ఆదివాసీ ఇంట అంబలి కాచే చోళ్లు కూడా ఒకనాడు తూర్పు ఆఫ్రికా కొండల నుంచి వచ్చినవే. వీటిని ఈ నేల తనవిగా చేసుకుంది. ఎక్కడ పుట్టిందని అడగడం మొక్క విషయంలోనైనా, మనిషి విషయంలోనైనా అధర్మమే.

అడగాల్సింది పక్కవాటిని బతకనిస్తోందా అని. చోళ్లు కోశాక ఆ నేల ఇంకో పంటకు దక్కుతుంది. వలిసె పూలు తేనెటీగలకు మేత, గింజలు మనకు నూనె. లాంటానా తీరు వేరు. దాని ఆకుల్లోంచి, వేళ్లలోంచి దిగే రసాయనాలు చుట్టూ ఇతర గింజల మొలకను అణచేస్తాయి. కొమ్మ నేలను తాకితే అక్కడే వేరు పోస్తుంది. పైపైన నరికితే మోడు నుంచి గుబురుగా లేస్తుంది, తగలబెడితే వానలకు మళ్లీ చిగురిస్తుంది. మేత కరువై ఆ ఆకు తిన్న పశువుకు కాలేయం చెడుతుంది, ఎండ తగిలినచోట చర్మం పగులుతుంది. నల్లగా పండిన కాయల్ని పికిలిపిట్టలు తిని గింజల్ని అడవిలో రాలుస్తాయి. అంటే పెరట్లో మనం ముచ్చటపడి ఉంచుకున్న పొద ఆ పెరటితో ఆగదు. కొండచీపురు గడ్డి, అడ్డాకు ఏరుకుని సంతకు తెచ్చే ఆడవాళ్ల దారికి అది అడ్డం పడుతుంది. నష్టం చేసేవాడొకడు, భరించేవాడొకడు అయినప్పుడు 'నా పెరడు, నా ఇష్టం' అనే మాట చెల్లదు.

దాని పూల మీద సీతాకోకచిలుకలు వాలతాయి కదా, పిట్టలకు అది మేత కదా అంటారు. నిజమే, ఆ మాటను తోసిపుచ్చకూడదు. అయితే రకరకాల పొదలు ఇవ్వాల్సిన మేతను ఒక్కదాని చేతిలో పెట్టడం పిట్టకు మేలు కాదు. కంచెకూ వంటచెరకుకూ పనికొస్తుందనే వాళ్లూ ఉన్నారు. పనికొస్తే కొట్టి వాడుకోవచ్చు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగ ఆదివాసులు ఆ కర్రతోనే కుర్చీలు చేస్తున్నారు.

అసలు బరువైన అభ్యంతరం మొదటిదే: ప్రాణం తీస్తున్నాం కదా? తీస్తున్నాం. అరణ్యపర్వంలో మిథిలా నగరపు ధర్మవ్యాధుడు కౌశికుడికి ఇదే చెబుతాడు. నాగలి సాగితే నేలలో ఎన్నో జీవులు చస్తాయి, అయినా సేద్యాన్ని లోకం మంచిదే అంటుంది, హింస అంటకుండా బతికేవాడు ఎవడూ లేడు అని. ఈ మాటను ఇష్టమొచ్చినట్టు చంపడానికి అనుమతిపత్రంగా చదివేవాళ్లున్నారు. నాకది సమ్మతం కాదు. హింస తప్పనిసరి అయినప్పుడు దానికి హద్దు, బాధ్యత కూడా తప్పనిసరి అవుతాయి. మన్యంలో మామిడికో చిక్కుడుకో కొర్రకో 'కొత్త' పండుగ చేసి, దేవతకు పెట్టందే ఆ ఏటి పంటను నోట పెట్టరు. నేల నుంచి తీసుకోవడానికి అడగాల్సినవాళ్లు ఒకరున్నారన్న ఎరుక అది. పీకేటప్పుడూ ఆ ఎరుకే ఉండాలి. ఖాళీ చేసిన చోటును అలాగే వదిలేసినవాడు చేసింది ఉత్త హింస, ఎందుకంటే ఆ జాగాలోకి మళ్లీ వచ్చేది లాంటానాయే. అక్కడ ఇంకొకటి నాటి సాకినవాడికే పీకే అధికారం ఉందని నా నమ్మకం.

కనుక అరకు, పాడేరు వైపు పెరడున్నవాళ్లకు నా విన్నపం. వానకు నేల మెత్తబడ్డాక, కాయ నల్లబడక ముందే పని మొదలుపెట్టండి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి సులువైనది: మట్టి కొద్దిగా తవ్వి, కాండం వేరుగా మారే చోటుకు కింద తల్లివేరును నరికి, పొదను తలకిందులుగా నిలబెట్టాలి, అప్పుడు మళ్లీ వేరు పట్టదు. ఆ గుంటలో అదే వారం చిక్కుడు పాదో కందో ఉసిరి మొక్కో పెట్టండి. వచ్చే ఏడు వానలకు పిల్లమొలకలు కనిపిస్తే చేత్తోనే లాగేయండి.