వరాహపూజ, పందుల పోషణ: అశుచి ఎవరిది?

ఒక ప్రాణిని అశుచి అని దూరం పెట్టిన సమాజానికి ఆ ప్రాణి బాగోగుల విషయంలో ధర్మబద్ధమైన బాధ్యత ఏమైనా మిగిలి ఉంటుందా అన్న ప్రశ్న, తెలుగునాట పంది విషయంలో తలెత్తినంత తీవ్రంగా మరే జంతువు విషయంలోనూ తలెత్తదు. తిరుమలలో వేంకటేశ్వరుని కంటే ముందు పుష్కరిణి గట్టున ఉన్న వరాహస్వామిని దర్శించడం క్షేత్రసంప్రదాయం. సింహాచలంలో కొలువైన స్వామి వరాహనృసింహుడు. కాకతీయుల రాజలాంఛనం వరాహం. అదే నేల మీద పందుల పెంపకంతో బతికిన ఎరుకలవారు ఊరి చివరకే పరిమితమయ్యారు, వలస ప్రభుత్వం వేసిన నేరస్థ తెగ అనే ముద్రను 1952 దాకా మోశారు.

హైదరాబాదులోని హైటెక్ సిటీ ప్రాంతంలో ఈ వైరుధ్యం కొత్త రూపం తీసుకుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఊళ్లు నగరంలో కలిసిపోగా, నాలా పక్క తిరిగే పంది పురపాలక సిబ్బంది పట్టుకుపోవలసిన బెడదగా మారింది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో తిరిగే అడవిపంది, జీవశాస్త్రం ప్రకారం ఊరపందితో ఒకే జాతికి చెందినదైనా, వన్యప్రాణిగా గౌరవం పొందుతోంది. ఇదే ప్రాంతపు సూపర్ మార్కెట్లలో బేకన్, సాసేజ్ పొట్లాలు దొరుకుతాయి కానీ, వాటిని కొనేవారిలో చాలామందికి ఆ మాంసం ఎలాంటి కొట్టంలో పెరిగిందో తెలిసే అవకాశం లేదు.

ధర్మశాస్త్రాలు పందులన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. మనుస్మృతి మలం తినే ఊరపందిని నిషిద్ధాహారాల్లో చేర్చి, అడవివరాహ మాంసాన్ని మాత్రం పితృకార్యానికి అంగీకరించింది. అంటే అక్కడ దోషం పుట్టుకలో కాక, తిన్న తిండిలో ఉంది. ఆ తిండి పందికి ఎవరు పెట్టారన్న తదుపరి ప్రశ్నకు వైద్యశాస్త్రం సూటిగా సమాధానం ఇస్తుంది. మూర్ఛ తెచ్చిపెట్టే కారణాల్లో ఒకటైన పంది బద్దెపురుగు మనిషి పేగులోనే పూర్తిగా ఎదుగుతుంది, దాని గుడ్లు మనిషి మలం ద్వారా బయటపడతాయి, ఆరుబయట ఆ మలం తిన్న పంది కండరాల్లో తిత్తులు ఏర్పడతాయి. మూర్ఛకు దారితీసే తిత్తులు మనిషి మెదడులో రావడానికి పందిమాంసం తినడం నేరుగా కారణం కాదు. మానవ మలంతో కలుషితమైన నీరు, కూరగాయల ద్వారా ఆ గుడ్లు కడుపులోకి చేరడమే కారణం గనుక, జీవితంలో మాంసం ముట్టనివారికీ ఆ వ్యాధి వస్తుంది. పంది మనిషికి అంటించిందని లోకం అనుకునే మురికిలో పెద్ద భాగం మనిషి పందికి అంటించినదే.

ఇస్లాం పందిమాంసాన్ని నిషేధించింది, కానీ తినకూడదన్న ఆజ్ఞలో హింసించవచ్చన్న అనుమతి లేదు. దప్పికతో అల్లాడుతున్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి పోసిన మనిషి పాపాలు క్షమించబడ్డాయని, ప్రాణమున్న ప్రతిదానికీ చేసిన మేలుకు ప్రతిఫలం ఉంటుందని చెప్పే హదీసు ప్రసిద్ధం; ఆ కుక్క కూడా చాలామంది న్యాయవేత్తల దృష్టిలో అశుద్ధ జంతువే. ఇన్ని మతాలు కలిసి బతికే హైదరాబాదులో ఈ మాటకు ప్రత్యేకమైన బరువుంది: శుచి నియమం మనిషి నోటికి సంబంధించినది, కరుణ ఎదుటి ప్రాణి బాధకు సంబంధించినది, ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు.

వాణిజ్య పెంపకంలో ఆ బాధ ఎలా ఉంటుందో చూడాలి. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు దాదాపు లేదు కాబట్టే అది బురదలో పొర్లుతుంది. నీరూ నీడా అందని రేకుల కొట్టంలో తెలంగాణ వేసవి దానికి ప్రాణాంతకం. 114 రోజుల చూడి కాలాన్ని వెనక్కి తిరగడానికి కూడా చోటులేని ఇనుప చట్రంలో గడిపే ఆడపంది, ఈనే ముందు గడ్డీ ఆకులూ పోగుచేసి గూడు కట్టుకోవాలన్న సహజ ప్రేరణతో ఉత్త నేలనే గీకుతుంది. పుట్టిన పిల్లల ఒంట్లో ఇనుము నిల్వ చాలా తక్కువ, తల్లిపాలలో అంతకంటే తక్కువ. ఆరుబయట పెరిగే పిల్లలు ముట్టెతో మట్టిని పెళ్లగించి ఆ లోటు తీర్చుకుంటాయి, సిమెంటు గచ్చు మీద పుట్టినవి మొదటి మూడు నాలుగు రోజుల్లో ఇనుము సూది పడకపోతే రక్తహీనతతో పాలిపోతాయి. భూమిని కోరపై ఎత్తిన మూర్తికి మొక్కే సంస్కృతి ఆ జీవికి భూమినే అందకుండా చేయడం చిన్న విషయం కాదు.

వివేకానందుడు రాజయోగ వ్యాఖ్యానంలో చెప్పిన ఇంద్రుని కథను ఇక్కడ మరో వైపు నుంచి చదవవచ్చు. పందిగా మారిన ఇంద్రుడు బురదలో ఆడపందితో, పిల్లలతో సుఖపడుతూ స్వర్గానికి రానంటాడు. అజ్ఞానానికి ఉపమానంగా చెప్పిన ఆ కథ కూడా పందికి తనదైన సుఖం, సంసారం ఉన్నాయని ఒప్పుకుంటుంది. ఇనుప చట్రంలోని పందికి ఆ మాయాసుఖం కూడా లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తగినంత కదలికకు వీలులేని నిర్బంధాన్ని నేరమంటుంది. జల్లికట్టుపై 2014లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు, సహజ ప్రవర్తనకు స్వేచ్ఛతో సహా జంతువుల ఐదు స్వేచ్ఛలను గుర్తించింది.

చంపబోయే జంతువును బాగా చూసుకోవడం ఆత్మవంచన అని అహింసావాదులు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ బలమైనదే. అయితే చావు ఒక్కరోజు, బతుకు నెలల తరబడి. చావును ఆపలేనివారికి బతుకు పట్ల బాధ్యత తప్పిపోదు. పైగా మాంసం తిననివారూ ఈ లెక్కలోకి వస్తారు, ఎందుకంటే నగరాల చుట్టూ ఉండే చిన్న పెంపకందారులు, వారు కూడా తినే హాస్టళ్లు, హోటళ్లు పారేసే కుడితి మీద ఆధారపడతారు. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడి, అప్పటి నుంచి దేశంలో పందులను పెద్దఎత్తున బలిగొంటున్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మాంసపు ముక్కలు కలిసిన ఉడకని కుడితి ద్వారా సోకుతుంది, దానికి చికిత్స లేదు. అంతర్జాతీయ పశుఆరోగ్య ప్రమాణం ప్రకారం అలాంటి కుడితిని 90 డిగ్రీల వేడిలో, కలియబెడుతూ, కనీసం గంటసేపు ఉడికించాలి. కట్టెల పొయ్యి మీద అంతసేపు కాచే ఖర్చును ఎరుకల కుటుంబం ఒక్కటే భరించడం న్యాయం కాదు. ప్లాస్టిక్, ఎముకలు, మాంసం వేరుచేసి తిండిని అప్పగించే పని గచ్చిబౌలి హాస్టల్ వంటగదిలోనే మొదలుకావాలి.