నడుస్తూ గీత వినవచ్చా?

సందేహం: అయ్యా, నాకు షుగరు వచ్చాక డాక్టరుగారు రోజూ నడవమన్నారు. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నడుస్తూ ఫోనులో గీతా ప్రవచనం వింటున్నాను. చెప్పులు వేసుకుని, చెమటలు కారుతుండగా గీత వినడం అపచారమని మా అత్తగారు అంటున్నారు. పూజలో కూర్చునే సమయం నడకకు పోతోందని నాకూ మనసులో గుచ్చుకుంటోంది. ఈమధ్య మోకాలి నొప్పి తగ్గింది, షుగరూ అదుపులోకి వచ్చింది. ఇది భగవంతుడి దయ అనుకోవాలా, నా నడక ఫలితం అనుకోవాలా?
— ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అపచారం కాదమ్మా. వేదాధ్యయనానికి శౌచం, ఆసనం వంటి నియమాలున్నాయి, వాటిని సడలించే అధికారం మనకు లేదు. గీత సంగతి వేరు. రెండు సేనల నడుమ నిలిపిన రథం మీద, విల్లు జారవిడిచి కూలబడ్డవాడికి చెప్పిన బోధ అది. అయినా మీ అత్తగారి మాటలో ఉన్నది శాస్త్రం మీద గౌరవమే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాకే పుస్తకం ముట్టుకుంటానని ఆవిడతో చెప్పండి.

పూజ వేళ నడకకు పోతోందన్న దిగులు కూడా వద్దు. కుమారసంభవం ఐదో సర్గలో, తపస్సులో ఉన్న పార్వతి దగ్గరకు శివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. ఆయన వేసే కుశలప్రశ్నల్లో, నీ శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావు కదా అన్నది ఒకటి. ధర్మాచరణకు మొదటి సాధనం శరీరమేనని ఆ వెంటనే అంటాడు. గీత ఆరో అధ్యాయంలో శ్రీకృష్ణుడు తిండికీ నిద్రకూ చెప్పిన మితమే విహారానికీ చెప్పాడు. అక్కడ విహారమంటే నడకేనని శంకరుల భాష్యం.

ఇక పతంజలి. యోగసూత్రాల రెండో పాదం తెరవగానే తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం అనే మూడింటినీ ఒక్కచోట చేర్చి క్రియాయోగమన్నాడు. ఒంటిని అదుపులో పెట్టుకోవడం, శాస్త్రం చదువుకోవడం, చేసినదాన్ని భగవంతుడికి అప్పగించడం ఒకే సాధనలోని అంగాలు. మీ ఉత్తరంలో ఉన్నవీ ఈ మూడే కదా.

అయితే మీ పద్ధతిలో ఒక మార్పు చెబుతాను. నడిచినంతసేపూ ప్రవచనం వినకండి. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి వినమనడంతో సరిపెట్టలేదు. విన్నదాన్ని మననం చేయాలి, ఆపైన ధ్యానించాలి అన్నాడు. గంటసేపు చెవిలో మాట పడుతూనే ఉంటే మననానికి చోటెక్కడ? బయల్దేరే ముందు టీకాతాత్పర్యాలున్న గీతలో ఒక్క శ్లోకం చదవండి. ఆ ఒక్కదాన్నీ మనసులో పెట్టుకుని నడవండి. ఎక్కడ అర్థం కాలేదో గుర్తుంచుకుని, తిరిగొచ్చాక వ్యాఖ్యానం చూడండి. ప్రవచనం మధ్యాహ్నం తీరిగ్గా వినవచ్చు. రోజుకొక శ్లోకం చొప్పున 700 శ్లోకాలూ రెండేళ్లలోపే పూర్తవుతాయి. పైగా వాహనాలు తిరిగే దారిలో చెవులు తెరిచి ఉండటమే క్షేమం.

ఎంత నడవాలన్నది మీ డాక్టరుగారు చెప్పాలి. వ్యాయామం సగం బలం మేరకే చేయాలని మాత్రం సుశ్రుతుడు అన్నాడు. ఆయాసంతో ఊపిరి నోటిదాకా వచ్చిందంటే ఆ సగం అయిపోయినట్టేనట. నడుస్తూ నెమ్మదిగా గోవింద నామం పలకండి, నామం మధ్యలో తెగుతోందంటే వేగం తగ్గించండి.

మీ చివరి ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాలి. కేనోపనిషత్తులో దేవతలకు విజయం దక్కింది. ఇది మా గొప్పే అనుకున్నారు. వారి ఎదుట ఒక యక్షం నిలిచింది. అదేమిటో తెలుసుకు రమ్మని అగ్నిని పంపారు. యక్షం ఒక గడ్డిపరక ముందుంచి, కాల్చమంది. అగ్ని తన బలమంతా పెట్టినా కాల్చలేకపోయాడు. వాయువు వెళ్లి దాన్ని కదల్చలేక తిరిగొచ్చాడు. ఇంద్రుడు వెళ్లేసరికి యక్షం కనబడలేదు, ఆ చోట ఉమాదేవి దర్శనమిచ్చింది. మీరు మీదనుకున్న విజయం బ్రహ్మానిదని ఆమె చెప్పింది. గమనించారా, అగ్ని కాల్చడన్న మాట ఎక్కడా లేదు. కాలుస్తాడు. కాల్చే శక్తి అతని సొంతం కాదు, అంతే.

అలాగే నడిచింది మీరే, మోకాలు కుదుటపడింది ఆ నడక వల్లే. ఆ కాలు కదలడానికి ఆధారమైన ప్రాణం మాత్రం మీరు సంపాదించుకున్నది కాదు. ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనని గీత పదిహేనో అధ్యాయంలో స్వామి చెప్పాడు. షుగరు ఉన్నవారు రోజూ చదువుకోదగ్గ మాట అది. నీటిలో రుచీ, మట్టిలో పరిమళమూ తానేనని ఏడో అధ్యాయంలో అన్నాడు. తొలకరికి గట్టు మీద మట్టి వాసన వేసినప్పుడు ఆ శ్లోకం గుర్తు చేసుకోండి. పుస్తకంలో చదివింది అలాగే ఒంటబడుతుంది.

కానీ రీడింగు తగ్గితే దయ, పెరిగితే ఆగ్రహం అని లెక్క కట్టకండి. మంచం పట్టిన భక్తులను భగవంతుడు వదిలేశాడా? పెరిగిన నాడు డాక్టరుగారిని అడగండి, మాత్రలు మాత్రం ఆపకండి.

తపస్సు చిత్తప్రసన్నతకు భంగం కలిగించేది కాకూడదని యోగసూత్రాల మీద వ్యాసభాష్యం హద్దు పెట్టింది. కాబట్టి మోకాలు వాచిన రోజు పట్టుదలకు పోయి గట్టెక్కకండి. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఒకటికి రెండు శ్లోకాలు చదువుకోండి, నడక వాపు తగ్గాక.