పని రాక్షసులు

తాడ్వాయి అడవిలో దామరవాయి గుట్ట ఎక్కగానే నాకు భక్తీ కలగలేదు, భయమూ కలగలేదు. "ఇంత బరువు ఎత్తిందెవరమ్మా!" అనుకున్నాను. నాలుగు పక్కలా నిలబెట్టిన రాతి పలకలు, వాటి నెత్తిన గదికి కప్పు వేసినట్టు ఒక పెద్ద బండ. అలాంటివి ఆ గుట్ట మీద వందకు పైనే ఉన్నాయి. కొన్నిటి లోపల కుడితి తొట్టిలాంటి రాతి తొట్టి ఉంటుంది. అది చనిపోయినవాళ్ళ కోసం. ఇనుము వాడకం వచ్చిన కాలంలో, క్రీస్తుకు ఎంతో ముందు, మనలాంటి మనుషులు తమవాళ్ళ కోసం కట్టుకున్న సమాధులివి. ఊళ్ళోవాళ్ళు మాత్రం రాక్షస గుళ్ళంటారు. (2016లో భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళిన ఈ ఊరు 2019లో ములుగు జిల్లాకు మారింది. రాక్షసులకు ఆ బాధ లేదు.)

దారి చూపడానికి మాతో వచ్చిన అవ్వను అడిగితే, "రాక్షసులే కట్టిండ్రు బిడ్డా. మనసొంటోళ్ళతోని అయితదా?" అంది. అలా అన్న ఆమె నెత్తిన అప్పటికే పెద్ద కట్టెలమోపు ఉంది!

రేగొండ దగ్గర పాండవుల గుట్టదీ ఇదే కథ. ఆదిమానవులు గీసిన రంగు బొమ్మలు అక్కడ 1990లో వెలుగులోకి వచ్చాయి. గుట్ట పేరు మాత్రం పాండవులకే దక్కింది.

ఇది మన ఒక్కరి అలవాటే అనుకునేదాన్ని. కాదట. మధ్యధరా సముద్రంలో మాల్టా, గోజో అని రెండు చిన్న దీవులున్నాయి. అక్కడ సుమారు 5,600 ఏళ్ళ క్రితం, ఈజిప్టు పిరమిడ్ల కన్నా ముందే, పెద్ద పెద్ద రాతి గుళ్ళు కట్టారు. గోధుమలు, బార్లీ పండించుకునే రైతులు వాళ్ళు. చేతిలో లోహపు పనిముట్టు ఒక్కటీ లేదు. ఆ గుళ్ళ దగ్గర గుండ్రటి రాతి బంతులు దొరికాయి. బండలను వాటి మీద దొర్లించి తెచ్చి ఉంటారని ఒక ఊహ. క్రీస్తు పూర్వం 2500 నాటికి ఆ సంప్రదాయమే ఆగిపోయింది. తరవాత వచ్చినవాళ్ళకు కట్టిందెవరో తెలియలేదు. గోజోలోని గుడిని జిగంతియా అంటారు. అంటే రాక్షసస్త్రీది అని. ఆవిడ చిక్కుడు జాతి గింజలూ తేనే తింటూ, చంటిబిడ్డను భుజానికి వేలాడేసుకుని ఆ బండలన్నీ మోసిందట.

బిడ్డను భుజాన వేసుకుని బండలు మోయడానికి రాక్షసి కావాలా? మన ఊళ్ళలో ఇళ్ళు కట్టే చోటికి వెళ్ళి చూడండి.

పేరు తెలియని గొప్పవాళ్ళకు ఇలా దణ్ణం పెట్టడంలో తప్పేముంది అంటారేమో. నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. ఆ భయం వల్లనే కొన్నాళ్ళు ఎవరూ ఆ రాళ్ళ జోలికి పోకపోయి ఉండవచ్చు. కానీ రాక్షసుడు కట్టాడు అన్నాక ఇంకో ప్రశ్న పుట్టదు. ఆ బండ కింద ఎవరి చెయ్యి నలిగింది? లాగేవాళ్ళకు అంబలి ఎవరు మోసుకొచ్చారు? రాక్షసులకు ఆకలేమిటి, ఒళ్ళు నొప్పులేమిటి?

జనగామలో మా పెద్దమ్మ ఉంది. ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా వంద మందికి ఒంటి చేత్తో వండి పెట్టేది. "అమ్మో, ఆమె పని రాక్షసి" అని మేమంతా మురిసిపోయేవాళ్ళం. అలా మెచ్చుకుని ఆకుల ముందు కూర్చునేవాళ్ళం. ఆ మాటన్న వాళ్ళలో నేనే ముందు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెళ్ళి గంటె అందుకున్న గుర్తు లేదు. నిందించినా పోయేది, పొగిడి మరీ తప్పించుకున్నాం.

మాల్టా వాళ్ళు నేల కింద తొలిచిన సమాధుల్లో అరచేతిలో పట్టేంత మట్టిబొమ్మ ఒకటి దొరికింది. ఒక లావుపాటి స్త్రీ మంచం మీద పక్కకు ఒత్తిగిలి, తల కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతూ ఉంటుంది. దేవతేమో, చనిపోయినామేమో అని పండితులు రకరకాలుగా చెప్తారు. నాకు మాత్రం పనంతా అయ్యాక నడుం వాల్చిన మనిషిలాగే కనిపించింది.

మొన్న జనగామ వెళ్ళినప్పుడు ఆ బొమ్మ ఫోటో పెద్దమ్మకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మంచిగ పండుకున్నది" అని, పప్పులో పోపు వెయ్యడానికి లేచి వెళ్ళింది.