సహవాసుల ఋణము

ధర్మసూక్ష్మములను విచారించునపుడు పురాణపురుషుల చరిత్రలను తలంచుట మనకు పరిపాటి. కాని సామాన్యుని వాకిటికి ధర్మసంకటము ఒక్కొకపుడు అద్దెపత్రము రూపమున వచ్చును.

తెలుగునాట నుండి ఉద్యోగార్థమై హైదరాబాదునకో, బెంగుళూరునకో పోవు యువకులు ఒంటరిగా ఇల్లు తీసికొనజాలక, నలుగురు కలిసి ఒక ఇంటిని అద్దెకు తీసికొందురు. సాధారణముగ పదునొకండు నెలలకు ఒప్పందము వ్రాసికొని నలుగురును సంతకములు చేయుదురు. అద్దె నెలకు 24,000 రూపాయలనుకొందము, తలకు 6,000. ఆరు నెలలు గడచిన పిదప ఒకడు పెట్టె సర్దుకొని వెడలిపోవును. మిగిలిన అయిదు నెలలకు అతని వంతు 30,000 రూపాయలు నిలిచిపోవును. ఇంటి యజమాని ఊరకుండడు గదా! తక్కిన మువ్వురును తలకు 10,000 అదనముగ వేసికొని చెల్లింతురు. వెడలినవాడు ఫోను తీయడు; తీసినను, "నేనుండని ఇంటికి నేనేల అద్దె కట్టవలెను?" అని అడుగును. ఒక కంచమున తిన్నవారు వాదిప్రతివాదులగుదురు.

అతని ప్రశ్నకు చట్టము సూటిగ బదులు చెప్పుచున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను ప్రకారము, వేరొక ఒడంబడిక లేనియెడల, కలిసి మాట యిచ్చినవారిలో ఏ యొక్కనినైనను మొత్తము చెల్లింపుమని నిర్బంధింపవచ్చును. అట్లు చెల్లించినవాడు తక్కినవారి నుండి సమానమైన వంతులు రాబట్టుకొనవచ్చును. ఒకడు తన వంతు ఈయకున్నచో ఆ నష్టమును మిగిలినవారు సమముగ భరింపవలెను. అనగా, ఒకడు దించుకొన్న బరువు నేలపై పడదు. తోడివాని భుజముపై పడును.

ధర్మదృష్టికి ముఖ్యమైన విషయ మిదియే. అతడా అయిదు నెలలు గదిని వాడుకొనలేదనుట నిజము. కాని సంతకము చేసిననాడు అతడు గదికి వెల మాత్రమే ఒప్పుకొనలేదు. ఒక్కని జీతమునకు మించిన ఇంటిని తీసికొనుటకు తక్కిన మువ్వురకును ధైర్యము నిచ్చినది అతని మాట. ఆ మాటను ఆధారముగ గొని వారు తమను తాము కట్టివేసికొనిరి.

ఉద్యోగము పోయినవాని సంగతి యేమి, జబ్బుపడినవాని సంగతి యేమి యని అడుగవచ్చును. ఆపద గడువును పొడిగించును గాని ఋణమును చెరపజాలదు. "ఇప్పుడు నా చేత లేదు, ఇంతకాలములో తీర్తును" అని ఎదుటికి వచ్చి చెప్పినవాడు ధర్మము తప్పలేదు. పతంజలి మహర్షి అహింసాసత్యముల సరసనే అస్తేయమును యమములలో చేర్చెను. పరుల పెట్టె పగులగొట్టకుండుటయే అస్తేయమని పెక్కురు తలంతురు. తాను ఈయవలసినదానిని మిత్రునిచే కట్టించి, ముఖము చాటుచేసికొనుటయు దానికి భంగమే.

ఇట్టి సొమ్ము కొరకు వేయు దావాలకు 1963 నాటి కాలపరిమితి చట్టమున సాధారణముగ మూడేండ్ల గడువు కలదు. ఆ దినము దాటుటకై వేచియుండు ఋణస్థులును కలరు. కాని గడువు మీరిన బాకీని చెల్లింతునని వ్రాసి సంతకము చేసినచో ఆ మాట చెల్లునని కాంట్రాక్టు చట్టమే 25వ సెక్షనున ఒప్పుకొనుచున్నది. న్యాయస్థానపు తలుపు మూసికొన్నను, బాకీ మాత్రము వెలుపల అట్లే నిలిచియున్నదన్నమాట. మనస్సాక్షి యెదుట కాలపరిమితి లేదు.

ఇక నష్టపడినవారి ధర్మమేమి? మువ్వురలో కలిగినవాడొకడు, "పోనిండు, వదలివేయుదము" అనవచ్చును. తన 10,000 వదలుకొనుట అతని ఔదార్యము. నెలనెల ఇంటికి సొమ్ము పంపవలసిన మిత్రుని 10,000 కూడ వదలుకొమ్మనుటకు అతనికి హక్కు లేదు. ఎవని క్షమ వాని వంతువరకే చెల్లును. కావున న్యాయమర్థించుట పాపము కాదు. ద్వేషముతో అర్థించుటయే కీడు.

ఈ రెంటికిని గల భేదమును గాంధీమహాత్ముని తొలినాటి అనుభవము చూపుచున్నది. 1893లో ఆయన దక్షిణాఫ్రికాకు పోయినది ఒక బాకీ వ్యాజ్యము పనిమీదనే. వాది దాదా అబ్దుల్లా, ప్రతివాది తయ్యబు సేఠు. ఇరువురును బంధువులు, ఒకే ఊరివారు. వ్యాజ్యము సాగినకొలది ఖర్చులును, పగయు పెరుగుచుండెను. గాంధీ వారిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తీర్పు దాదా అబ్దుల్లాకు అనుకూలమయ్యెను. సుమారు 37,000 పౌనులును, ఖర్చులును రావలెను. ఒక్కమారుగ అడిగినచో తయ్యబు సేఠు దివాలా తీయవలసినదే. గాంధీ ఎంతయో శ్రమపడి, దీర్ఘకాలపు వాయిదాలకు వాదిని ఒప్పించెను. సొమ్ము తగ్గింపబడలేదు, ఋణస్థుడును నాశము కాలేదు. వాదికి న్యాయమును, ప్రతివాదికి గౌరవమును దక్కెను.

నేటి సహవాసులకును ఈ మార్గము మూసికొనలేదు. తొలుత నెమ్మదిగ అడుగవలెను. పిదప లెక్కను స్పష్టముగ వ్రాసి పంపవలెను. ఇరువురకును నమ్మకమైన పెద్దను నడుమ నుంచుకొనవలెను. అప్పటికిని తీరకున్నచో 1987 నాటి చట్టమున ఏర్పడిన లోక్ అదాలతు కలదు. అచట కుదిరిన రాజీ న్యాయస్థానపు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అన్నియు విఫలమైనపుడు దావా వేయవచ్చును. అపుడైనను రావలసిన 30,000 రూపాయలనే అడుగవలెను గాని, ఎదుటివాని పతనమును కోరరాదు.

అయినను ఇన్ని మెట్లు ఎక్కవలసిన పని లేకుండ చేయగలవాడు ఒక్కడే. వెడలిపోయిన ఆ మిత్రుడు తానుగ ఫోను చేసి, "నా వంతు నేనిచ్చెదను, నెలకింత చొప్పున పుచ్చుకొనుడు" అన్న దినమున వ్యాజ్యము పుట్టకయే సమసిపోవును. అతని తొలి వాయిదా ఎంత చిన్నదైనను, దానితోపాటు మువ్వురు మిత్రులకు పోయిన నమ్మకము కూడ కొంత తిరిగివచ్చును.