రోజీ ఒప్పుకోలేదు

ఆడపిల్ల పెళ్ళి సంగతి గొంతు తగ్గించి మాట్లాడుకునే ఇళ్ళలో కూడా కుక్క పెళ్ళి సంగతి మాత్రం హాల్లో కూర్చుని, కాఫీ తాగుతూ, పగలబడి నవ్వుతూ చెప్పుకుంటారు. మొన్న ఆదివారం జూబ్లీ హిల్స్‌లో మా పెద్దమ్మ కూతురింట్లో జరిగిందదే.

ఫిల్మ్ నగర్ నుంచి వచ్చినావిడ మొదలెట్టింది. "మా టైగర్‌కి తలంటి, కొత్త బెల్టు కట్టి కారులో తీసుకెళ్ళామండీ. వాడు పెళ్ళికూతురి వంక కన్నెత్తైనా చూస్తేగా! ఆవిడగారి గిన్నెలో అన్నం తినేసి హాయిగా నిద్రపోయాడు."

"మా స్వీటీ ఇంకా ఘనం" అందుకుంది పక్కింటావిడ. "కాగితాలున్న సంబంధాలు మూడు తెచ్చాం. మూడింటినీ తరిమేసింది. రెండు నెలలు తిరిగేసరికి అయిదు పిల్లలు, అన్నీ మా వీధి కర్రిగాడి పోలికే!"

అందరం నవ్వాం. ద్రౌపది శాపం కథ కూడా వచ్చింది. పాండవుల్లో ఒకరు ఆవిడ మందిరంలో ఉంటే గుమ్మంలో చెప్పులు విడవాలట. ఓనాడు కుక్క ఆ చెప్పులెత్తుకుపోతే తెలియక ఇంకొకరు లోపలికొచ్చారట. మీ కాపురం నలుగురి ఎదుటే సాగాలని ఆవిడ కుక్కజాతిని శపించిందట. ఆ శాపం కుక్కలకి తగిలిందనుకోను. సిగ్గెరగని దానికి శాపమేమిటి? తగిలింది మనకే. చూడకుండా ఉండలేం, చెప్పుకోకుండా ఉండలేం.

చివరికి అక్కయ్య తన రోజీ కథ చెప్పింది. నిరుడు మగకుక్కని తెస్తే రోజీ గుర్రుమంది. మర్నాడూ అంతే. మూడోరోజు మూతికి గుడ్డ కట్టారు. "పెళ్ళికూతురు మహా బెట్టు చేసిందిలెండి! మా చెల్లెలే మెడ పట్టుకుంది" అంది నన్ను చూపించి.

అందరితోపాటు నేనూ నవ్వబోయాను. కానీ ఆవేళ నా చేతుల్లో వణికిన మెడ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట నా పెళ్ళిచూపుల్లో నేను నోరు విప్పకపోతే, "సిగ్గుపడుతోంది" అని మా మేనత్త నా మౌనానికి అర్థం చెప్పేసిన సంగతీ గుర్తొచ్చింది. పలకకపోతే సిగ్గు, గుర్రుమంటే బెట్టు. కాదనడానికి మాత్రం మన దగ్గర మాటే లేదు!

"జంతువుకి ఇష్టాయిష్టాలేమిటే, అది ప్రకృతి ధర్మం" అంది అక్కయ్య. సరే, ప్రకృతినే అడుగుదాం. ఎదకొచ్చిన ఆడకుక్క అన్ని రోజులూ మగదాన్ని రానివ్వదు. రానిచ్చే రోజుల్లోనూ ఒకదాన్ని తరిమి ఇంకొకదాన్ని ఒప్పుకోవచ్చు. ఆ గుర్రు కూడా ప్రకృతి మాటే కదా! కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ళకి కేంద్రం 2017లో నిబంధనలు పెట్టింది. పద్దెనిమిది నెలలు నిండాలి, ఎనిమిదేళ్ళు దాటకూడదు, ఏడాదికి ఒకటే ఈత, జన్మలో అయిదుకి మించకూడదు. లెక్కలు మంచివే. గుర్రుమన్నప్పుడు వినడం మాత్రం ఇంట్లోవాళ్ళ పని.

"మరి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నారుగా, దాన్ని అడిగే చేస్తున్నారా?" అని అక్కయ్య నిలదీసింది. నిజమే, అదీ అడక్కుండానే. కానీ ఆ పని పుట్టి వీధిన పడే పిల్లల్ని తలుచుకుని చేసేది. మేం మెడ పట్టుకున్నది అమ్ముకునే పిల్లల కోసం, మగకుక్కవాళ్ళకి మాటిచ్చిన ఒక పిల్ల కోసం. రెండిట్లోనూ బలం మనదే. ఎవరి మేలుకి వాడామన్నదే తేడా.

ఇంతలో ఫోను మోగింది. నిరుటి మగపెళ్ళివారే, ఈసారి ఎప్పుడు రమ్మంటారని. అక్కయ్య నా వంక చూసింది, కాళ్ళ దగ్గర పడుకున్న రోజీ వంక చూసింది.

"అమ్మాయిని అడిగి చెప్తామండీ" అంది.

అందరూ గొల్లుమన్నారు. ఈసారి నేనూ మనసారా నవ్వాను.