మరగబెట్టినా పోనిది

పసిబిడ్డ పాలసీసాని దేంతో స్టెరిలైజ్ చెయ్యాలి అన్నది సరుకుల ప్రశ్న. ఆవిరిదా, దీపందా, ఎంతకొస్తుంది, ఒకసారికి ఎన్ని సీసాలు పడతాయి. కలిగిరి నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి "అక్కా, ఏది కొనాల?" అన్నప్పుడు జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. "సరిగ్గా చెయ్యకపోతే, బిడ్డకేమన్నా అయితే, ఆ పాపం నాదే గదా?" అంది. పాపం అన్న మాటే వాడింది. నన్ను ఇంతకాలం పట్టుకున్నది ఆ రెండో ప్రశ్న.

ఆమెకి పాలు చాల్లేదు. ఎందుకు చాల్లేదో డాక్టరు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు, ఊరు మాత్రం ఇంకా చెప్తూనే ఉంది.

ముందు యంత్రం సంగతి తేల్చేద్దాం. ఆవిరి స్టెరిలైజర్ అంటే అడుగున ఒక వేడి పలక, దాని మీద కాసిని నీళ్ళు, పైన సీసాలు బోర్లించే బుట్ట, మూత. నీళ్ళు ఆవిరై సీసాల్లోకి, పీకల్లోకి దూరతాయి. అయిపోగానే దీపం ఆరుతుంది. పెద్ద గిన్నెలో సీసాలు మునిగేలా నీళ్ళు పోసి, తెర్లడం మొదలయ్యాక అయిదు పది నిమిషాలు ఉంచినా జరిగేది ఇదే. సోడియం హైపోక్లోరైట్ కలిపిన నీళ్ళలో అరగంట ముంచి ఉంచినా అవుతుంది, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. అల్ట్రావయొలెట్ దీపం పెట్టెలు చూడ్డానికి బావుంటాయి గానీ వెలుతురు పడిన చోటే పనిచేస్తాయి. పీక మడతలో నీడ ఉంటే అక్కడి క్రిమికి ఏమీ కాదు. మెట్టప్రాంతం బోరునీళ్ళు పోస్తే ఆవిరి యంత్రం పలక మీద సున్నం పొర కడుతుంది, నిమ్మరసమో వెనిగరో పోసి వదిలించుకోవాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా దానికి ముందు ఇంకో పని ఉంది. సీసాని, పీకని, మరని విడదీసి సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి తోమాలి. పాలజిడ్డు మిగిలితే దాని చాటున క్రిములు బతికిపోతాయి. యంత్రం చేసేది రెండో సగం పనే. మొదటి సగం చెయ్యే చెయ్యాలి, అదీ కడుక్కున్న చెయ్యి. కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆకు గ్రేడు చేసే పని ఎక్కువగా ఆడవాళ్ళది. ఆ జిగురు ఒక పట్టాన వదలదు. సాయంత్రం ఇంటికొచ్చి, ఏడ్చే బిడ్డని పక్కన పెట్టుకుని, ఆ చేతులు రుద్దుకుని, ఆ తర్వాత సీసాలు రుద్దే మనిషి ఏ కంపెనీ పెట్టె మీది బొమ్మలోనూ ఉండదు.

శుభ్రం గురించి మాట్లాడితే నాకు సెమ్మెల్‌వైస్ గుర్తొస్తాడు. 1847లో వియన్నాలో, శవపరీక్ష గదిలోంచి నేరుగా పురుళ్ళ వార్డుకి వచ్చే డాక్టర్లని క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోమన్నాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా చాలామంది డాక్టర్లు ఆయన మాట ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అంతకుముందు పోయిన తల్లుల చావులు తమ చేతుల మీదుగా జరిగాయని కూడా ఒప్పుకోవాలి. పెద్దమనుషులు నేరాన్ని దగ్గరికి రానివ్వలేదు. మా చెల్లెలు ఇంకా ఏమీ జరక్కముందే నేరం నెత్తికెత్తుకుంది. నిందని తోసెయ్యగలిగేవాడు తోసేస్తాడు. అది దొర్లుకుంటూ పోయి ఎవరి దగ్గర ఆగుతుందో చూస్తే ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో ఎవరికి బలం లేదో తెలిసిపోతుంది.

పాలపొడి చరిత్రంతా ఇదే దొర్లుడు. 1974లో బ్రిటన్‌లో 'వార్ ఆన్ వాంట్' అనే సంస్థ ఒక చిన్న పుస్తకం వేసింది. పేద దేశాల్లో పాలపొడి అమ్మకాలు పసివాళ్ళ ప్రాణాలు ఎట్లా తీస్తున్నాయో అందులో రాసింది. 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ మొదలైంది. కంపెనీల తరఫు వాదన సారాంశం ఒక్కటే: తప్పు పొడిలో లేదు, వాడే తీరులో ఉంది. అంటే మంచినీళ్ళు, కట్టెలు, చదువు ఇవేవీ లేని తల్లిలో ఉంది. అవి లేవని తెలిసీ అక్కడికి డబ్బాలు పంపినవాడి మాటేమిటని అడిగినవాళ్ళ పోరాటం వల్ల 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళి ఆమోదించింది. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. పాలపొడికి, పాలసీసాకి ప్రకటనలు నిషేధం. ఆ చట్టంలో పాలసీసా నిర్వచనం ఎంత జాగ్రత్తగా రాశారంటే పీక, వాల్వు కూడా అందులోకి వస్తాయి. స్టెరిలైజర్ మాత్రం రాదు. అందుకే సీసాకి ప్రకటన ఇవ్వడం నేరం, సీసాని ఉడికించే పెట్టెకి ఇవ్వడం నేరం కాదు. ఆ ప్రకటనలో భయం ఉంటుంది, భయానికి మందు ఉంటుంది, ధర రెండు మూడు వేలు ఉంటుంది.

ఆ పొడి కూడా క్రిమిరహితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పొడిని కనీసం 70 డిగ్రీల వేడి నీళ్ళలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టమన్నది ఇందుకే. పొడిలో క్రోనోబాక్టర్ అనే క్రిమి ఉండొచ్చు. సీసాని ఎంత ఆవిరి పట్టినా గోరువెచ్చటి నీళ్ళలో పొడి కలిపితే దాన్ని చంపేది ఏమీ లేదు. మన ఇళ్ళలో ఎక్కువమంది కలిపేది గోరువెచ్చటి నీళ్ళలోనే.

ఇక నీళ్ళు. ఈ ప్రాంతంలో మాట అంతా చివరికి నీళ్ళ దగ్గరికే వస్తుంది. మనదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య పరిశోధనా పత్రాల్లో ఒకటి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వచ్చింది. రాసినవాళ్ళు షార్ట్, పండిట్, రాఘవాచారి. దాని పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది. అప్పటి నెల్లూరు అంటే కనిగిరి, పొదిలి, దర్శి కూడా. 1970లో అవి ప్రకాశం జిల్లాలోకి పోయాయి గానీ నేల కింది రాయి జిల్లా సరిహద్దులు చూసుకోదు. ఇటు ఉదయగిరి వైపు కూడా పళ్ళ మీద గోధుమరంగు చారలున్నవాళ్ళు, నడుం వంగని పెద్దవాళ్ళు మనకి తెలిసినవాళ్ళే. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మరిగిస్తే క్రిమి చస్తుంది, ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరైపోయిన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగే తల్లి పాలల్లో కూడా అది చాలా కొద్దిగానే ఉంటుంది, తల్లి ఒంట్లోనే ఒక వడపోత ఉంది. సీసాపాలకి మారిన రోజు ఆ వడపోత పోతుంది. బోరునీళ్ళే బిడ్డ మొత్తం ఆహారం అవుతాయి.

ఇంకోటి కూడా ఉంది. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు పాలీప్రొపిలీన్ సీసాలని పరీక్షించారు. వేడి తగిలినకొద్దీ ప్లాస్టిక్ నలుసులు ఎక్కువ రాలుతున్నాయని, లీటరుకి 1.6 కోట్ల దాకా కూడా ఉంటున్నాయని చెప్పారు. దాని వల్ల హాని ఎంతన్నది ఇంకా తేలలేదు. క్రిమి భయంతో సీసాని మరగబెట్టండి, నలుసుల భయంతో మరగబెట్టకండి అన్నట్టు ఇది వినపడుతుంది. నిజానికి వాళ్ళు స్టెరిలైజ్ చెయ్యడం మానమనలేదు. చేశాక, ప్లాస్టిక్ కాని పాత్రలో కాచి చల్లార్చిన నీళ్ళతో మళ్ళీ కడగమన్నారు, వేడి పాలు కలపడం ప్లాస్టిక్ సీసాలో వద్దన్నారు. ఇంకో పని. ఎవరు చేస్తారో చెప్పక్కర్లేదు.

చెయ్యాలి అనాలంటే ముందు చెయ్యగలగాలి అన్న మాట తత్వశాస్త్రంలో పాతదే. నాకు అది సగమే నచ్చుతుంది. విరేచనాలు పట్టుకున్నప్పుడు తల్లికి ఏం చేతనయింది, ఏం చేతకాలేదు అని బిడ్డ కడుపు అడగదు. క్రిమికి న్యాయం తెలీదు. కాబట్టి సీసా తోమాల్సిందే, తోమే పని తల్లిది కాదని చెప్పి ఆమెని ఓదార్చడం అబద్ధం. అయితే చేసే పనీ మోసే నిందా ఒకటే అనుకోవడం దగ్గర నాకు పేచీ ఉంది. నేల కింది ఫ్లోరైడ్ ఆమె పెట్టింది కాదు. పొడిలో క్రిమిని ఆమె వెయ్యలేదు. పురిటి సెలవు లేని కూలి పనిని ఆమె కనిపెట్టలేదు. వీటన్నిటినీ చేసినవాళ్ళో, చూసీ ఊరుకున్నవాళ్ళో వేరే ఉన్నారు. వాళ్ళెవరికీ రాత్రిళ్ళు నిద్రపట్టకుండా లేదు.

నేను ఆమెతో ఉగ్గుగిన్నె సంగతి ఎత్తాను. ముక్కున్న చిన్న గిన్నె, మన ఇళ్ళలో వెండిదో కంచుదో ఉండేది, ఇప్పుడు స్టీలువి దొరుకుతాయి. దానికి మెడ లేదు, పీక లేదు, మర లేదు. తోమితే మూలమూలా కనపడుతుంది. గిన్నెలో పడేసి మరిగించినా రాలే నలుసు లేదు. నెల తక్కువ బిడ్డలకి ఆస్పత్రుల్లో ఇట్లాంటి గిన్నెతోనే పాలు పడతారు. ఆవిరి యంత్రానికి పెట్టే డబ్బు నీళ్ళకి పెట్టు అని కూడా చెప్పాను. అంతా విని "మంచిదే అక్కా, కానీ గిన్నెతో పట్టాలంటే ఒక మనిషి కూర్చోవాల. యాడుంది మనిషి?" అంది. సీసా అయితే అయిదేళ్ళ పిల్ల కూడా పట్టుకుంటుంది. నేను శుభ్రం గురించి మాట్లాడుతుంటే ఆమె టైము గురించి మాట్లాడుతోంది.

తర్వాత కరెంటు స్టెరిలైజరే కొనుక్కుంది. ఎందుకో కూడా చెప్పింది. గిన్నెలో మరగబెడితే "ఎంతసేపు పెట్టావు, సరిగ్గా తెర్లాయా" అని అత్త అడుగుతుంది. యంత్రంలో పెడితే దీపం ఆరుతుంది, అందరూ చూస్తారు, ఎవరూ ఏమీ అడగరు. మా అమ్మమ్మ తరంలో మడి గుడ్డ చేసిన పని ఇదే అనిపించింది నాకు. ఆరేసిన గుడ్డ శుభ్రంగా ఉందో లేదో తర్వాత సంగతి, ఆ గుడ్డ కట్టుకున్న మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అనలేరు. నవ్వడానికి నాకు నోరు రాలేదు. ఆ రెండు వేల చిల్లరతో ఆమె కొనుక్కున్నది ఒక సాక్షిని.

ఇక నీళ్ళ పరీక్ష మిగిలింది. జలజీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళు పరీక్షించే కిట్ వాడటం నేర్పాలని నియమం ఉంది, అందులో ఫ్లోరైడ్ కూడా చూడొచ్చు. వాళ్ళ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరో కనుక్కోమన్నాను. బోరు నీళ్ళకీ, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళకీ రెండిటికీ చేయించమన్నాను. పంచాయతీలో అడిగితే కిట్ ఉందన్నారంట. ఎక్కడుందో వెతుకుతున్నారు.